మా దొంగతనాలను కూడా లెక్కలో రాయండి: కర్ణాటక హోం శాఖకు, పోలీసు ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక హోం మంత్రి గారికి, రాష్ట్ర పోలీసు డీజీపీ గారికి, బెంగళూరు నగర పోలీసు కమిషనర్ గారికి, ఢిల్లీలోని జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) అధికారులకు,

విషయం: బెంగళూరులో దొంగతనాల ఫిర్యాదులను ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయకపోవడం, దానివల్ల నేర గణాంకాలు తప్పుదారి పట్టడం గురించి.

అయ్యా,

బెంగళూరు తూర్పు భాగంలో, మారతహళ్లి నుంచి కె.ఆర్.పురం దాకా, ఇటు వర్తూరు దాకా ఉంటున్న తెలుగు కుటుంబాల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. మాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉన్నారు. పీజీ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు ఉన్నారు. అనంతపురం, కర్నూలు, కడప, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి సెంట్రింగ్, టైల్స్, పెయింటింగ్ పనులు చేసుకునేవారు, అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే ఆడవాళ్లు ఉన్నారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కాగితం రాయడం అలవాటైన చేయి కాబట్టి, వీళ్లలో ఎవరికి పోలీసు స్టేషన్‌తో పని పడినా ఫిర్యాదు నా చేతే రాయించుకుంటారు.

మీ పోలీసు వ్యవస్థకు దేశంలో మంచి పేరు ఉంది. పోలీసు, కోర్టులు, జైళ్లు, న్యాయ సహాయం అన్నీ కలిపి చూసే ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2022లోనూ 2025లోనూ పెద్ద రాష్ట్రాలలో కర్ణాటకకే మొత్తం మీద మొదటి స్థానం ఇచ్చింది. ఆ పేరు ఊరికే రాలేదని మాకు తెలుసు. మా మాట వింటారన్న ఆశతో ముందు స్టేషన్‌కు, తర్వాత పై అధికారి కార్యాలయానికి, ఆ తర్వాత ఆన్‌లైన్ ఫిర్యాదుల విభాగానికి రాశాం. పోలీసు అధికారులు జనం ఫిర్యాదులు వినే జనసంపర్క దివసలో నిలబడి చెప్పుకున్నాం. రసీదు నంబర్లు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఈ బహిరంగ లేఖ. ఏ స్టేషనో, ఏ అధికారో ఇక్కడ రాయడం లేదు. ఒక్క స్టేషన్‌ను రచ్చకీడ్చి లాభం లేదు, లోపం పద్ధతిలో ఉంది.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో ఒక్క సంఘటనతో చెబుతాను. కదిరి వైపు నుంచి వచ్చిన ఒక టైల్స్ మేస్త్రీ ఔటర్ రింగ్ రోడ్డులో సాయంత్రం బస్సు ఎక్కుతుండగా ఒకడు అతని చొక్కా జేబులోంచి ఫోను లాక్కుని, వెనక స్టార్ట్ చేసి ఉంచిన బైకు ఎక్కి వెళ్లిపోయాడు. పద్నాలుగు వేల ఫోను, ఇంకా నాలుగు వాయిదాలు కట్టాలి. ఫిర్యాదులో బస్సు స్టాపు పేరు, సమయం, బైకు రంగు, ఫోను ఐఎంఈఐ నంబరు అన్నీ రాసిచ్చాను. స్టేషన్‌లో రైటర్ ఆ కాగితాన్ని సగం చదివి, మడిచి, మళ్లీ మేస్త్రీ చేతిలోనే పెట్టాడు. కసురుకోలేదు, మర్యాదగానే మాట్లాడాడు. "ఇ-లాస్ట్‌లో పెట్టుకోండి. పది నిమిషాల్లో కాగితం వస్తుంది. దాంతో కొత్త సిమ్ము ఇస్తారు, ఫోను బ్లాక్ చేయించుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్ అంటే కోర్టు, సాక్ష్యం, పని మానుకుని తిరగాలి" అన్నాడు. మేస్త్రీకి కావలసింది రేపటి పనికి సిమ్ము. సరేనన్నాడు.

ఇ-లాస్ట్ అనేది వస్తువులు, కాగితాలు పారేసుకున్నవారి కోసం మీ శాఖే పెట్టిన మంచి సదుపాయం. ఏ వస్తువు, ఎక్కడ పోయింది, ఎప్పుడు పోయింది అని అడుగుతుంది. లాక్కున్నవాడి గురించి, బైకు గురించి చెప్పుకోవడానికి చోటు ఎక్కడుంటుంది? మర్నాడు మేస్త్రీ ఖాతాలోంచి పద్దెనిమిది వేలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేశాం, ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మళ్లీ స్టేషన్‌కు వెళ్లి గట్టిగా అడిగితే పిటిషన్‌గా తీసుకుని ఎండార్స్‌మెంట్, అంటే ఎఫ్‌ఐఆర్ లేకుండా రాసిచ్చే జవాబు కాగితం, ఇచ్చారు. ఎఫ్‌ఐఆర్ ఈనాటికీ లేదు.

ఇప్పుడు ఈ సంగతిని ప్రభుత్వ లెక్కల్లో వెతకండి. దొంగతనాల పట్టికలో లేదు, మోసాల పట్టికలోనూ లేదు. బెంగళూరులో ఆ రోజు పారేసుకున్న ఫోన్ల జాబితాలో మాత్రం ఒకటి పెరిగింది.

చట్టంలో ఏ తికమకా లేదు. 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది: పోలీసులు సొంతంగా కేసు కట్టదగ్గ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలి. నిజమో అబద్ధమో తేల్చేది ఆ తర్వాతి దర్యాప్తు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. నేరం ఎవరి పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితే చాలు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ప్రాథమిక విచారణ చేయవచ్చు కానీ, దానికి డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి కావాలి, 14 రోజుల్లో ముగియాలి. భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ లాక్కుపోవడాన్ని ప్రత్యేక నేరం చేసి మూడేళ్ల వరకు జైలు పెట్టింది. పార్లమెంటు కొత్తగా సెక్షన్ రాస్తే, మా బస్సు స్టాపుకు వచ్చేసరికి అది పారేసుకున్న వస్తువైపోయింది.

రైటర్ మీద మాకు పగ లేదు. కేసు రాస్తే దాన్ని ఛేదించాలి. దొంగ దొరకకపోతే సి రిపోర్ట్ రాసి కోర్టుకు పంపాలి. నెలవారీ సమీక్షలో 'మీ పరిధిలో దొంగతనాలు ఎందుకు పెరిగాయి' అని ఇన్‌స్పెక్టర్‌ను నిలదీస్తే, ఆ ఇన్‌స్పెక్టర్ రైటర్‌ను నిలదీస్తాడు. సిబ్బంది అరకొర: ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం దేశంలో లక్ష జనాభాకు మంజూరైన పోలీసులు 197 మంది, పనిలో ఉన్నది 155 మంది. వాళ్లలోనే బందోబస్తుకు వెళ్లేవారు వెళ్లగా మిగిలినవాళ్లు ఇ-లాస్ట్ వైపు చేయి చూపడంలో ఆశ్చర్యం లేదు. అంకె తక్కువగా ఉంటే మంచి స్టేషన్ అని మెచ్చుకున్నంత కాలం అంకె తక్కువగానే ఉంటుంది, నేరం ఎంత జరిగినా సరే.

నాకు మా బ్యాంకులే గుర్తొస్తున్నాయి. మొండి బాకీని మొండి బాకీగా చూపకుండా, పాత అప్పు తీరినట్టు రాసి కొత్త అప్పు ఇచ్చినట్టు చూపించే మేనేజర్లు ఉండేవారు. మార్చి నెలాఖరులో మెచ్చుకోలు వాళ్లకే. నిజం రాసినవాడికి సంజాయిషీ నోటీసు. 2015లో రిజర్వు బ్యాంకు పుస్తకాలన్నీ తిరగేయించేసరికి మొండి బాకీలు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించాయి. నిజానికి అవి ఎప్పటి నుంచో ఉన్నవే, అప్పుడు బయటపడ్డాయి. ఆ రెండు మూడేళ్లు బ్యాంకులకు తల కొట్టేసినట్టే ఉండింది. కానీ మందు మొదలైంది అప్పుడే.

నేరాల లెక్క కూడా ఇంతే. ఎన్‌సీఆర్‌బీ తన వార్షిక నివేదికలో తానే హెచ్చరిస్తుంది, నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని. అయినా ఏటా నివేదిక వచ్చిన మర్నాడు పత్రికల్లో 'నేరాల్లో ఫలానా రాష్ట్రం మొదటి స్థానం' అనే శీర్షికలు, శాసనసభల్లో ఆ శీర్షికల మీద కేకలు. కేరళ నేరాల రేటులో ఏటా పైవరుసలో ఉంటుంది. అక్కడ స్టేషన్ గుమ్మం తొక్కినవాడి ఫిర్యాదు రాసుకుంటారు కాబట్టి ఉంటుంది. ఢిల్లీలో 2015 నుంచి వాహనాల దొంగతనాలతో మొదలుపెట్టి ఇంట్లోంచే ఎఫ్‌ఐఆర్ పెట్టే ఏర్పాటు వచ్చాక, కాగితం మీద దొంగతనాలు అమాంతం పెరిగాయి. ఢిల్లీకి రాత్రికి రాత్రి కొత్త దొంగలు దిగలేదు కదా.

ఇంకో వింత చూడండి. 2020లో దేశంలో నమోదైన కేసులు 66,01,285. అంతకు ముందు ఏడాది 51,56,158. అంటే 28 శాతం పెరుగుదల. జనం ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్న ఏడాది అది, దొంగతనాలు తగ్గాయి కూడా. మరి పెరిగిందేమిటి? ప్రభుత్వోద్యోగి ఉత్తర్వును ధిక్కరించారన్న పాత ఐపీసీ 188వ సెక్షన్ కేసులు 2019లో 29,469 ఉంటే 2020లో 6,12,179 అయ్యాయి. లాక్‌డౌన్‌లో బయటికి వచ్చిన మనిషి మీద కేసు రాయడానికి కాగితం, కలం, సిబ్బంది అన్నీ ఉన్నాయి. ఫోను పోగొట్టుకున్న మనిషి వచ్చేసరికి ఉండవు.

సైబర్ మోసాల దగ్గర ఈ తేడా ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. 2023లో జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు వచ్చిన ఫిర్యాదులు 15,96,493. ఆ ఏడాది ఎన్‌సీఆర్‌బీ పుస్తకంలో ఉన్న సైబర్ కేసులు 86,420. పద్దెనిమిది ఫిర్యాదులకు ఒక కేసు. ప్రతి ఫిర్యాదూ నేరం కాకపోవచ్చు, ఒకే మోసం మీద ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు చేసి ఉండవచ్చు. అవన్నీ తీసేసినా ఈ అగాధం పూడదు. ఇక్కడ బెంగళూరును మెచ్చుకోవాలి కూడా. ఆ 86,420లో 17,631 కేసులు ఒక్క బెంగళూరువే, దేశం మొత్తంలో అయిదో వంతు. దీన్ని నగరానికి మచ్చ అనుకునేవారు ఉంటారు, మేము అనుకోవడం లేదు. ఇక్కడి సైబర్ స్టేషన్లలో మిగతా నగరాల కంటే ఎక్కువగా కేసులు రాస్తున్నారని దాని అర్థం కావచ్చు. సైబర్ స్టేషన్‌లో చేతనైనది పక్క వీధి స్టేషన్‌లో ఎందుకు చేతకాదు?

ఈ లెక్కలు పండితుల చర్చకు సంబంధించినవి అనిపించవచ్చు. వీటి దెబ్బ ఎవరి మీద ఎలా పడుతోందో చెబుతాను.

1. ఎఫ్‌ఐఆర్ లేని మనిషికి ఎక్కడా పని జరగదు. ఫోను వాయిదాల కంపెనీ వాయిదా ఆపదు, బీమా కంపెనీ ఫైలు తెరవదు. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తన తప్పు లేకుండా ఖాతాలోంచి డబ్బు పోయిన ఖాతాదారు మూడు పనిదినాల్లో చెబితే ఆ నష్టం అతని మీద పడకూడదు. కానీ బ్యాంకు కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న 'ఎఫ్‌ఐఆర్ ఉందా' అనే. నేను ఆ కౌంటర్ లోపలి వైపు కూర్చున్నవాడిని, ఆ ప్రశ్న వేసినవాడిని కూడా కాబట్టి చెబుతున్నాను. చేతిలో ఇ-లాస్ట్ కాగితం ఉంటే సంగతి ఇంకా చెడుతుంది. 'ఫోను పారేసుకున్నట్టు మీరే రాసిచ్చారు కదా, జాగ్రత్త లేకపోవడం మీ తప్పు' అంటారు. స్టేషన్‌లో తేలిగ్గా దొరికిన కాగితమే బ్యాంకులో మేస్త్రీకి ఎదురు సాక్ష్యం అయింది.

2. అయిదు వేల గీత. కొత్త చట్టంలో 5,000 రూపాయల లోపు విలువ ఉన్న దొంగతనం పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేని నేరాల్లోకి వెళ్లింది. మూడేళ్లు వాడిన ఫోను విలువ ఎంత? ఇంటిపని చేసే ఆవిడ పర్సులో ఉండేది ఎంత? అపార్ట్‌మెంటులో పోయే ల్యాప్‌టాప్ గీతకు అటు, షెడ్డులో పోయే పాత ఫోను గీతకు ఇటు. పేదవాడి దొంగతనం చిన్నది కాదు, అతని నెల జీతంలో అదెంత వంతో చూడాలి. విలువ తేల్చే అధికారం ఎవరిదో, ఏ ధర ప్రకారమో మార్గదర్శకం లేకపోతే ప్రతి పాత ఫోనూ నాలుగు వేల తొమ్మిది వందలే పలుకుతుంది.

3. కట్టడాల మీద చావులు. ఇది రాయడానికి చేయి ఆడదు. మూడో అంతస్తు పరంజా మీద నుంచి జారి పడి ఒక కూలీ చనిపోతే, చాలాసార్లు యూడీఆర్, అంటే అసహజ మరణం కింద రాసి, శవపంచనామా చేసి పంపేస్తారు. తాడు లేదు, వల లేదు, హెల్మెట్ లేదు అని తోటి పనివాళ్లు చెబుతారు, నోటితో. నిర్లక్ష్యం వల్ల మరణానికి న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో అయిదేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ సెక్షన్ పడితే అది నేరాల పుస్తకంలోకి వస్తుంది. యూడీఆర్‌గానే మూసేస్తే ప్రమాద మరణాల కోసం ఎన్‌సీఆర్‌బీ వేసే వేరే పుస్తకంలోకి పోతుంది. 2024 అక్టోబరులో బాబుసాపాళ్యలో కట్టుబడిలో ఉన్న భవనం కూలినప్పుడు మంత్రులు వచ్చారు, కేసులు పెట్టారు, అరెస్టులు జరిగాయి. ఒక్కరొక్కరుగా పడి చనిపోయేవారికి అంత శబ్దం ఉండదు. శవం రాత్రి అంబులెన్సులో పెనుకొండ మీదుగా ఊరికి వెళ్తుంది. కాంట్రాక్టరు చేతిలో పెట్టిన డబ్బుతో సంతకాలు అయిపోతాయి. చట్టం ప్రకారం ఆ కుటుంబానికి రావలసిన నష్టపరిహారం ఎంతో వాళ్లకు చెప్పేవారు ఉండరు. బెంగళూరులో ఏటా ఎంతమంది ఇలా పోతున్నారో, అందులో ఎన్నింటికి 106 పెట్టారో స్టేషన్‌వారీగా ఎవరైనా చెప్పగలరా? మేము అడిగాం, చెప్పలేదు.

4. పేదవాడు బాధితుడైతే లెక్కలోకి రాడు, అనుమానితుడైతే వెంటనే వస్తాడు. అపార్ట్‌మెంటులో గొలుసు పోతే మొదట స్టేషన్‌కు పిలిచేది పనిమనిషినే. సాయంత్రం దాకా కూర్చోబెడతారు, ఆ కూర్చోబెట్టడానికి ఏ రిజిస్టరులోనూ పద్దు ఉండదు. గొలుసు మంచం కింద దొరికితే ఆమెకు ఎవరూ సంజాయిషీ చెప్పరు. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, ఇంకా నేరం రుజువు కానివాళ్లే. జైళ్ల సామర్థ్యం 4,36,266. ఇంత పెద్ద జైలు లెక్కను చూసి కఠినంగా ఉన్నామని ప్రభుత్వాలు అనుకుంటాయి. శిక్ష పడిన రేటు కూడా అలాంటిదే. 2022లో ఐపీసీ కేసుల్లో 54.2 శాతం అని చదివి, నేరం చేసిన ఇద్దరిలో ఒకరికి శిక్ష పడుతోందని సంబరపడేవారు ఉన్నారు. అది విచారణ పూర్తయిన కేసుల్లో శాతం మాత్రమే. విచారణకు రానివి, సి రిపోర్ట్‌తో మూసినవి, అసలు కేసే రాయనివి ఆ శాతంలో ఎక్కడా లేవు.

5. భాష. ఫిర్యాదు కన్నడలో ఉండటం న్యాయమే, ఇది కన్నడ నేల. లిపి దగ్గరది కాబట్టి మావాళ్లు అక్షరాలు కూడబలుక్కోగలరు, విషయం మాత్రం పట్టుబడదు. రాసుకున్నది ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలని 173వ సెక్షన్‌లోనే ఉంది. 'లాక్కున్నాడు' అని చెప్పినది కాగితంలో 'కనబడలేదు'గా మారితే, కింద సంతకం పెట్టినవాడికి ఆ సంగతి తెలిసేది కోర్టులో.

ఎన్‌సీఆర్‌బీ అధికారులకు ప్రత్యేకంగా రెండు మాటలు. 1953 నుంచి వస్తున్న పుస్తకం మీది, దేశానికి వేరే ఆధారం లేదు. కానీ 2023 నాటి లెక్క 2025 సెప్టెంబరు చివర్లో వచ్చింది. రెండేళ్ల నాటి పద్దుతో ఈనాటి గస్తీ ఎలా వేస్తారు? మహానగరాల పట్టికలో బెంగళూరు జనాభా 2011 జనగణన ప్రకారం 85 లక్షలే. మారతహళ్లి, వర్తూరు ఈ రూపానికి వచ్చింది చాలావరకు ఆ తర్వాతే. జనాభా లెక్క పాతది, మా దొంగతనాలు లెక్కలోకే రావు. మేము హారంలోనూ లేము, లవంలోనూ లేము. ఇక ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే శిక్ష ఎక్కువ ఉన్న ఒక్కదాన్నే లెక్కిస్తారు. మా మేస్త్రీకి రేపు ఎఫ్‌ఐఆర్ రాసినా, మోసానికి శిక్ష ఎక్కువ కాబట్టి ఫోను లాక్కోవడం పట్టికలోంచి మాయమవుతుంది.

మా డిమాండ్లు ఇవి.

1. దొంగతనం, లాక్కుపోవడం, మోసం అని ఫిర్యాదు చేసినవారిని ఇ-లాస్ట్ వైపు పంపకూడదని అన్ని స్టేషన్లకు లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఇ-లాస్ట్ ఫారం మొదట్లోనే 'ఎవరైనా తీసుకున్నారా, లాక్కున్నారా' అన్న ప్రశ్న పెట్టాలి. అవునంటే అది నేరుగా 173వ సెక్షన్ కింద ఆన్‌లైన్ ఫిర్యాదుగా మారాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కంప్యూటర్ విభాగం చేయగల పని.

2. ప్రతి స్టేషన్‌కు నెలకోసారి నాలుగు అంకెలు పక్కపక్కన ప్రకటించాలి: ఇ-లాస్ట్‌లో పోయిన ఫోన్లు, కేంద్రం నడిపే సీఈఐఆర్‌లో బ్లాక్ చేయించిన ఫోన్లు, ఎండార్స్‌మెంట్‌తో ముగించిన పిటిషన్లు, ఫోను దొంగతనాల ఎఫ్‌ఐఆర్‌లు. ఈ నాలుగూ ఇప్పటికే మీ దగ్గర ఉన్నాయి. ఒక స్టేషన్ పరిధిలో జనం వందల కొద్దీ ఫోన్లు పారేసుకుంటూ దొంగలు మాత్రం అసలు లేకపోతే, అక్కడి ఏసీపీని అడగవలసిన ప్రశ్న ఏమిటో మేము చెప్పనక్కర్లేదు. మాకు అన్నిటికంటే ముఖ్యమైన డిమాండ్ ఇదే.

3. దొంగతనాల నమోదు పెరిగిందని ఏ ఇన్‌స్పెక్టర్‌నూ సంజాయిషీ అడగకూడదు. ఫిర్యాదు రాయలేదని తేలితే అడగాలి. మారువేషంలో ఫిర్యాదుదారులను పంపి అప్పుడప్పుడు తనిఖీ చేయించండి.

4. పోలీసు శాఖతో సంబంధం లేకుండా, రాష్ట్ర ఆర్థిక గణాంక శాఖ ద్వారా ఏటా బాధితుల సర్వే చేయించాలి. అమెరికా 1973 నుంచి, ఇంగ్లండ్ 1982 నుంచి ఇళ్లకు వెళ్లి 'ఈ ఏడాది మీకేమైనా జరిగిందా, పోలీసులకు చెప్పారా' అని అడుగుతున్నాయి. మన దగ్గర ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్ 2017లో బెంగళూరు, చెన్నై, ముంబయి, ఢిల్లీలలో అలాంటి సర్వే వెలువరించింది. దొంగతనానికి గురైనవారిలో ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్లినవారు చాలా కొద్దిమందేనని అది చెప్పింది. ప్రభుత్వమే చేసే సర్వేలో పీజీ హాస్టళ్లు, లేబర్ షెడ్లు తప్పకుండా ఉండాలి. ఓటరు జాబితా చూసి ఇళ్లు ఎంచుకుంటే మేము మళ్లీ జారిపోతాం.

5. పని స్థలంలో జరిగే ప్రతి మరణంలో భద్రతా ఏర్పాట్ల మీద కార్మిక శాఖ నివేదిక వచ్చాకే యూడీఆర్ మూసేయాలి. ఎన్ని యూడీఆర్‌లు 106వ సెక్షన్‌గా మారాయో ఏటా ప్రకటించాలి.

6. అయిదు వేల గీత దగ్గర విలువ తేల్చడానికి కొన్నప్పటి బిల్లునే ప్రమాణంగా తీసుకోవాలి. సెకండ్ హ్యాండ్ ఫోనుకు బిల్లు ఉండదు కాబట్టి ఫిర్యాదుదారు చెప్పిన ధరను నమోదు దశలో ఒప్పుకోవాలి. గీత కిందకు వచ్చిన ఫిర్యాదులను కూడా విడిగా లెక్కపెట్టి చూపించాలి.

7. 1930కి చేసిన ఫిర్యాదు ఎఫ్‌ఐఆర్ కావడానికి నష్టం మొత్తం గీటురాయి కాకూడదు. కేంద్రం 2025 మేలో ఢిల్లీలో ఇ-జీరో ఎఫ్‌ఐఆర్, అంటే సైబర్ ఫిర్యాదు దానంతటదే ఎఫ్‌ఐఆర్ అయ్యే పద్ధతి, మొదలుపెట్టినప్పుడు అది పది లక్షలకు పైబడిన మోసాలకే. పది లక్షలు పోగొట్టుకునే స్తోమత మావాళ్లకు ఈ జన్మలో రాదు.

8. ఫిర్యాదును కన్నడలో రాసుకుని, ఫిర్యాదుదారు భాషలో చదివి వినిపించి, వినిపించినట్టు సంతకం తీసుకోవాలి. తెలుగు, తమిళం, హిందీ, ఒడియా, బెంగాలీ తెలిసినవారి జాబితా ప్రతి డివిజన్‌లో ఉంచితే చాలు. మాలో చదువుకున్నవారు జీతం లేకుండా ఈ పనికి రావడానికి సిద్ధంగా ఉన్నారు.

9. ఎన్‌సీఆర్‌బీ నివేదిక మరుసటి ఏడాది జూన్ లోపు రావాలి. నగరాల రేట్లకు అంచనా జనాభా వాడాలి. ముఖ్య నేరం పట్టికతో పాటు అన్ని నేరాల పట్టిక కూడా వేయాలి.

ఈ లేఖను కన్నడలో కూడా రాయించి మీ కార్యాలయాలకు పంపుతున్నాం. వచ్చే జనసంపర్క దివస నాటికి కనీసం మొదటి రెండు డిమాండ్ల మీద లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. అప్పటివరకు మా ప్రాంతంలో ఎఫ్‌ఐఆర్ నిరాకరించిన ప్రతి ఫిర్యాదునూ 173వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద రిజిస్టర్డ్ పోస్టులో డీసీపీ గారికి పంపుతాం. అక్కడా జవాబు రాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తాం. ఆ దరఖాస్తులకు కావలసిన న్యాయవాదులు మాలోనే ఉన్నారు, రుసుము లేకుండానే చేస్తామన్నారు. మేస్త్రీ ఫిర్యాదు మొదటి కవరులో ఉంది.

ఇట్లు,
బెంగళూరు తూర్పు ప్రాంత తెలుగు కుటుంబాల తరఫున,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి